ఆఫర్లు వంద, సీట్లు పదిహేను

అమెరికాలో హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు వేసవిలో ఒకసారి చూడండి. అన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి. “కోచ్‌తో చక్కగా మాట్లాడాక, దేవుడి దయవల్ల ఫలానా యూనివర్సిటీ నుంచి డివిజన్ 1 ఆఫర్ అందుకున్నాను” అని ఒక ప్రకటన, దాని పక్కన కాలేజీ లోగో, కుర్రాడు బంతి పట్టుకుని నిలబడ్డ ఫోటో ఉంటాయి. కింద బంధువులు, పాత టీచర్లు, ముక్కూమొహం తెలియనివాళ్లు కొట్టే చప్పట్లు. కాసేపటికి వాళ్ల నాన్న అదే పోస్టును తన ఫేస్‌బుక్ గోడమీద మళ్లీ పెడతాడు.

డివిజన్ 1 అంటే కాలేజీ ఆటలో అన్నిటికంటే పై అంతస్తు. ఆఫర్ అంటే ఆటకోసం స్కాలర్‌షిప్ ఇచ్చి జట్టులోకి తీసుకుంటామన్న మాట. బయటివాళ్లు అది చదివి కుర్రాడికి సీటు ఖాయమైంది, చదువు ఖర్చు తప్పింది అనుకుంటారు. నిజానికి ఆ క్షణాన ఎవరి చేతిలోనూ కాగితం ముక్క లేదు. కాలేజీ దేనిమీదా సంతకం పెట్టలేదు. వారం తిరిగేసరికి ఆ కోచ్ ఫోను ఎత్తడం మానేసినా నిలదీయడానికి ఆధారం ఉండదు. పోనీ ఆ ఆఫర్ అబద్ధమా అంటే అలా అని కూడా అనలేం. కోచ్ ఆ మాట అనే ఉంటాడు.

ఈ చిక్కుకు మూలం రెండు నిబంధనల్లో ఉంది. కాలేజీ క్రీడల్ని నియంత్రించే ఎన్‌సీఏఏ రూలు ప్రకారం, కుర్రాడు పన్నెండో తరగతిలో అడుగుపెట్టే ఆగస్టు 1కి ముందు ఏ కాలేజీ కూడా స్కాలర్‌షిప్ ఇస్తామని రాసివ్వకూడదు. అంటే తొమ్మిది, పది తరగతుల పిల్లలు ప్రకటించే ఆఫర్లన్నీ నోటిమాటలే. రెండో రూలు ఇంకా తమాషాగా ఉంటుంది. సంతకాలు అయ్యేదాకా కోచ్ ఆ కుర్రాడి గురించి బహిరంగంగా మాట్లాడకూడదు. అతన్ని తీసుకునే ఆలోచన ఉందని ఒప్పుకోవచ్చు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పకూడదు. ఫలితంగా ఆఫర్ ఇచ్చినవాడు నోరు మెదపడు, పుచ్చుకున్నవాడు చాటింపు వేసుకుంటాడు. నిజమో కాదో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి నోటికి రూలు తాళం వేసింది.

ఈ మౌనం అందరికీ కలిసొచ్చేదే. కుర్రాడికి ఒక ఆఫర్ వచ్చిందని తెలిస్తే మరో నాలుగు కాలేజీలు తిరిగి చూస్తాయి. అతని క్లబ్బు కోచ్ ‘నా జట్టులో ఇంతమందికి ఆఫర్లు వచ్చాయి’ అని చెప్పుకుని వచ్చే ఏడాదికి కొత్త పిల్లల్ని చేర్చుకుంటాడు. ర్యాంకులు ఇచ్చే వెబ్‌సైట్లకు రోజూ రాయడానికి సరుకు దొరుకుతుంది. కాలేజీకి పైసా ఖర్చు లేకుండా ఒక దారి తెరిచి ఉంటుంది. పదో తరగతి పిల్లలు వందమందికి ఆ మాట చెప్పి, రెండేళ్లలో ఎవరు ఎదిగారో చూసి, వాళ్లలో ఇద్దరినో ముగ్గురినో నిజంగా పిలుస్తారు. కోచ్‌ల మధ్య దీనికి ‘కమిటబుల్ ఆఫర్’ అని ఒక మాటుంది. కుర్రాడు ఇవాళే ‘సరే, వస్తాను’ అంటే కాలేజీ నిజంగా తీసుకునే ఆఫర్ అన్నమాట. మిగతావి అలాంటివి కావు. మన దగ్గర పదో తరగతి పరీక్షలు అయ్యీ కాకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వోలు ఫోన్ చేసి ‘మీవాడికి ఫీజు రాయితీ రాసిపెట్టాం’ అంటారే, తీరా అడ్మిషన్ రోజున ‘ర్యాంకు చూశాక మాట్లాడదాం సార్’ అంటారే, అచ్చం ఆ పద్ధతి. తేడా ఏమిటంటే, ఆ రాయితీ కబురును మనం ఫేస్‌బుక్‌లో పెట్టం.

లెక్క చూస్తే

అమెరికా హైస్కూళ్లలో బాస్కెట్‌బాల్ ఆడే మగపిల్లలు సుమారు 5 లక్షల 40 వేలమంది. వాళ్లలో ఎన్‌సీఏఏ కాలేజీల్లో ఏదో ఒక స్థాయిలో ఆడేవాళ్లు సుమారు 3.5 శాతం. డివిజన్ 1కు చేరేవాళ్లు ఒక్క శాతం. డివిజన్ 1లో సుమారు 360 కాలేజీలున్నాయి. చాలాకాలం ఒక్కో పురుషుల జట్టుకు 13 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఇప్పుడు 15 మంది జట్టు, కావాలంటే అందరికీ స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ఆ పదిహేనూ ఏటా ఖాళీ అవ్వవు. మామూలు కాలేజీలో హైస్కూలు పిల్లలకోసం మిగిలేవి రెండు మూడు, ఒక్కో ఏడాది అవీ ఉండవు.

డివిజన్ 2లో స్కాలర్‌షిప్‌లు పాక్షికంగా పంచుతారు. డివిజన్ 3లో ఆటకోసం డబ్బివ్వరు, కానీ మంచి మంచి చదువుల కాలేజీలు అక్కడే ఉన్నాయి. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్ 1లో ఆడతాయి గానీ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. ‘ఫుల్ రైడ్’ (ఖర్చంతా భరించే స్కాలర్‌షిప్) అనే మాట పట్టుకుని తిరిగే తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ తేడాలు ఆలస్యంగా తెలుస్తాయి. తొందరగా తెలిసినవాళ్లకు మనశ్శాంతి దక్కుతుంది.

చెప్పుల కంపెనీల వేసవి

ఈ ఎంపికలు స్కూలు జట్టు ఆట చూసి జరుగుతాయనుకుంటే పొరపాటు. అసలు సంత వేసవి క్లబ్బు ఆటల్లో నడుస్తుంది. జనం వాటిని కలిపి ‘ఏఏయూ బాల్’ (ఏఏయూ అంటే అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్) అంటారు. పై అంతస్తులో నైకీవారి ఈవైబీఎల్, అడిడాస్‌వారి 3ఎస్‌ఎస్‌బీ, అండర్ ఆర్మర్‌వారి లీగ్ ఉంటాయి. బూట్ల కంపెనీలు స్కూలు పిల్లల ఆటలోకి డబ్బు పోయడం మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. సానీ వకారో అనే మనిషి 1965లో పిట్స్‌బర్గ్‌లో హైస్కూలు స్టార్ల ఆట ఒకటి మొదలుపెట్టి, తర్వాత నైకీలో చేరి, 1984లో ఏబీసీడీ క్యాంపు పెట్టాడు. ఎదుగుతున్న పిల్లవాడి కాలికి ముందు ఎవరి బూటు ఎక్కితే రేపు వాళ్లదే లాభమన్నది ఆయన లెక్క. ఆ లెక్క ఇప్పటికీ మారలేదు.

ఈవైబీఎల్ 2010లో మొదలైంది. దాని ఆఖరి టోర్నీ ‘పీచ్ జామ్’ జులైలో దక్షిణ కరోలినాలోని నార్త్ ఆగస్టాలో జరుగుతుంది. దేశంలోని పెద్ద కోచ్‌లంతా తమ కాలేజీ రంగు చొక్కాలు తొడుక్కుని బేస్‌లైన్ దగ్గర కుర్చీలేసుకుని కూర్చుంటారు. పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడటానికి అక్కడ రూలు ఒప్పుకోదు, కాబట్టి కనబడటమే మాట్లాడటం. ఒక కుర్రాడి ఆట ఇప్పటికే ఇరవైసార్లు చూసిన కోచ్ ఇరవయ్యొకటోసారి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడంటే, ఆట చూడటానికి రాలేదు. అవతలి గ్యాలరీలో ఉన్న అమ్మకు తన మొహం కనబడాలని వచ్చాడు.

ఈ పై జట్లలో పిల్లల ఖర్చు కంపెనీలే భరిస్తాయి. కింద ఉన్న వందల క్లబ్బుల్లో మాత్రం అంతా తల్లిదండ్రుల జేబులోంచే. క్లబ్బు ఫీజు, విమానం టికెట్లు, హోటళ్లు, తమ బిడ్డ ఆట చూడటానికి తమకే టికెట్లు, అన్నీ కలిపి ఏడాదికి వేల డాలర్లు. టోర్నీ నిర్వాహకులు జట్ల వివరాల పుస్తకాన్ని కోచ్‌లకు కూడా వందల డాలర్లకు అమ్ముతారు. పిల్లవాడు తప్ప అందరూ ఎంతో కొంత సంపాదించుకునే వ్యవస్థ అని దీన్ని చాలాకాలం తిట్టుకునేవారు. ఈమధ్యే పిల్లవాడూ సంపాదిస్తున్నాడు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఫోను, దాని వెనక రూళ్లు

సోషల్ మీడియా వచ్చి అంతా మార్చేసిందని ఊరికే అనేస్తుంటారు. అది మార్చింది కొంత, రూళ్లు మార్చాల్సివచ్చింది ఎక్కువ. ఓక్లహోమా కోచ్‌గా ఉన్న కెల్విన్ శాంప్సన్, ఆయన సిబ్బంది 2000-2004 మధ్య పిల్లలకు నిబంధనలకు విరుద్ధంగా 550కి పైగా ఫోన్ కాల్స్ చేశారని 2006లో ఎన్‌సీఏఏ ఆయనమీద ఆంక్షలు పెట్టింది. ఇండియానాకు వెళ్లాక కూడా ఫోన్ల గొడవే ఆయన ఉద్యోగానికి ఎసరు తెచ్చింది. 2007లో ఎన్‌సీఏఏ టెక్స్ట్ మెసేజ్‌లు మొత్తంగా నిషేధించింది. ఈమెయిల్‌కు, ఫ్యాక్స్‌కు మాత్రం అడ్డులేదు! ఫేస్‌బుక్ లోపలి సందేశాన్ని ఈమెయిల్ కింద జమకట్టారు కాబట్టి కోచ్‌లు ఆ దారి పట్టారు. 2012కల్లా ఈ వేషాలు చూడలేక పురుషుల బాస్కెట్‌బాల్‌లో గేట్లు ఎత్తేశారు. పదో తరగతి ముగిసిన జూన్ 15 నుంచి కాల్స్‌కు, మెసేజ్‌లకు లెక్కలేదు. శాంప్సన్‌ను శిక్షించిన తప్పు ఇవాళ తప్పే కాదు. ఆయన 2025లో హ్యూస్టన్ జట్టును జాతీయ కాలేజీ టోర్నీ ఫైనల్‌దాకా తీసుకెళ్లాడు.

2016 ఆగస్టులో ఇంకో విచిత్రమైన రూలు వచ్చింది. పిల్లవాడి పోస్టును కోచ్ లైక్ చేయొచ్చు, రీట్వీట్ చేయొచ్చు, కానీ కింద ఒక్క అక్షరం రాయకూడదు. నొక్కొచ్చు, టైపు చేయకూడదు. దాంతో ఒక గుండె బొమ్మకు రాశిఫలాలంత వ్యాఖ్యానం మొదలైంది. ఫలానా అసిస్టెంట్ కోచ్ మావాడి వీడియోకు లైక్ కొట్టాడని స్క్రీన్‌షాట్లు దాచుకునే తండ్రులున్నారు. ఆ లైక్ కొట్టింది చాలాసార్లు కోచ్ కాదు. పొద్దున్నే ఓ జాబితా ముందు పెట్టుకుని అందరి పోస్టులూ నొక్కుకుంటూ పోయే జూనియర్ ఉద్యోగి.

క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు జరిగే ఫోటో షూట్ కూడా ఈ తంతులో భాగమే. కాలేజీ జెర్సీ తొడిగి, పొగ వదిలి, లైట్లు వేసి సినిమా పోస్టర్‌లాంటి బొమ్మలు చేసిస్తారు. వీటిని ‘ఎడిట్స్’ అంటారు. పిల్లవాడు పోస్టు చేస్తాడు, కాలేజీకి ప్రచారం దక్కుతుంది, కాలేజీ మాత్రం ఒక్క మాటా అనలేదు. పైన చెప్పిన నోటి తాళానికి ఇంతకంటే మంచి దొడ్డిదారి లేదు.

డంకులు చూసి ఎవరు మోసపోయారు

వైరల్ అయితే కాలేజీలు వెంటపడతాయన్న నమ్మకానికి అందరూ చూపించే ఉదాహరణ జయన్ విలియమ్సన్. దక్షిణ కరోలినాలో స్పార్టన్‌బర్గ్ డే స్కూల్ అనే చిన్న ప్రైవేటు స్కూల్లో ఆడుతూ, 2016-17లో అతను వేసిన డంకుల (ఎగిరి బంతిని చేత్తో రింగులోకి దించే షాట్ల) వీడియోలు ఇంటర్నెట్‌ను ఊపేశాయి. ర్యాపర్ డ్రేక్ అంతటివాడు అతని స్కూలు జెర్సీ వేసుకుని ఫోటో పెట్టాడు. 2017 జులైలో లాస్‌వేగాస్‌లో జయన్ జట్టుకూ మరో హైస్కూలు స్టార్ లమెలో బాల్ జట్టుకూ ఆట జరిగితే, ఎన్‌బీఏ స్టార్ లెబ్రాన్ జేమ్స్‌కే లోపలికి వచ్చే వీలు లేనంత జనం.

కానీ ఆ బ్యాచ్‌లో మొదటి ర్యాంకు జయన్‌ది కాదు, ఆర్.జె. బారెట్‌ది. ఇద్దరూ డ్యూక్ యూనివర్సిటీకే వెళ్లారు. ఏడాది తిరిగేసరికి 2019 ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే తంతులో, జయన్ మొదట, బారెట్ మూడోవాడు. జయన్ ఎంత ఎత్తు ఎగురుతాడో వీడియోల్లో కోట్లమంది చూశారు. అతని పాస్‌లు, డిఫెన్స్‌లో కాళ్ల చురుకుదనం, రెండోసారి ఎగిరే వేగం ఆ ముక్కల్లో లేవు. పదిహేను సెకన్ల వీడియోకు అవి పనికిరావు మరి. అందరికంటే ఎక్కువమంది చూసిన కుర్రాడి గురించే అందరికీ సగం తెలిసింది.

దీనికి అవతలి కొస జూలియన్ న్యూమన్. ఫ్లారిడాలోని ఆర్లాండోలో అయిదో తరగతి చదువుతూనే హైస్కూలు జట్టులో ఆడిన బుడతడు. జట్టు కోచ్ స్వయానా వాళ్ల నాన్న. 2012లో వీడియో బయటికి రాగానే పత్రికలు, టీవీలు ఎగబడ్డాయి. లక్షల ఫాలోవర్లు, సొంత బట్టల బ్రాండు, కుటుంబం మీద ఓ వెబ్ సిరీస్ వచ్చాయి. పొడుగు మాత్రం ఆరడుగులకు చాలా కిందే ఆగిపోయింది. డివిజన్ 1 కాలేజీలో అతను ఆడలేదు. అతనికి ఆట రాదని కాదు. పదకొండేళ్లవాడి వీడియో పద్దెనిమిదేళ్లవాడి ఎముకల పొడవు చెప్పలేదు, అంతే.

కోచ్‌లు నిజంగా ఏం చూస్తారని అడిగితే, అది సోషల్ మీడియాకు సరిపోని జాబితా. కోతల్లేని పూర్తి ఆట వీడియో కావాలి. 2006లో నెబ్రాస్కాలో పుట్టిన హడల్ అనే వేదికలో అలాంటివి దొరుకుతాయి. నిజమైన ఎత్తు కావాలి. బూట్లతో కొలిచిన ఎత్తు, పోస్టరు మీద రాసిన ఎత్తు వేరు వేరు. టర్నోవర్ చేశాక, అంటే బంతి అవతలివాళ్లకు పోగొట్టుకున్నాక, కుర్రాడు వెనక్కి పరిగెత్తాడా, రెఫరీ వైపు చేతులు చాపాడా అన్నది కావాలి. మార్కులు కావాలి. డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్యమైన కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. వాటిలో పది కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. ప్రతి ఆటా రికార్డు చేసే తండ్రికి ఈ సంగతి పదకొండో తరగతి చివర్లో తెలిసి కంగారుపడటం మామూలు విషయం.

సోషల్ మీడియా బలంగా పనిచేసేది తీసుకోవడంలో కాదు, తీసేయడంలో. 2014లో పెన్ స్టేట్ ఫుట్‌బాల్ అసిస్టెంట్ కోచ్ హెర్బ్ హ్యాండ్, ఒక కుర్రాడి సోషల్ మీడియా నచ్చక జాబితాలోంచి కొట్టేశానని బాహాటంగా ట్వీట్ చేశాడు. బాస్కెట్‌బాల్‌లో డాంటే డివిన్‌చెంజో 2018 జాతీయ కాలేజీ ఫైనల్లో 31 పాయింట్లు కొట్టి విలనోవా యూనివర్సిటీని గెలిపించిన రాత్రే, స్కూలు రోజుల్లో రాసిన పాత ట్వీటును జనం తవ్వితీశారు. ఖాతా మూసుకోవాల్సివచ్చింది. ఒక్క డంకు వీడియోతో స్కాలర్‌షిప్ రాదు, ఒక్క ట్వీటుతో పోవచ్చు. అయినా ఇళ్లలో వీడియోలమీద పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా పాత ట్వీట్లమీద పెట్టరు.

నాన్న గొంతు

తల్లిదండ్రుల పాత్ర అనగానే గుర్తొచ్చే పేరు లావార్ బాల్, పైన చెప్పిన లమెలో తండ్రి. 2017లో టీవీలన్నీ ఆయన చుట్టూ తిరిగాయి. బూట్ల కంపెనీలను కాదని బిగ్ బాలర్ బ్రాండ్ పెట్టి, పెద్దకొడుకు పేరుమీద 495 డాలర్ల బూట్లు అమ్మకానికి పెట్టాడు. నవ్వని పత్రిక లేదు. ఆ ధరకు నేనూ నవ్వాను గానీ, తన పిల్లల పేరుమీద డబ్బు తన ఇంటికే రావాలన్న ఆయన వాదనలో తప్పు ఇప్పటికీ కనబడదు. నాలుగేళ్ల తర్వాత దేశమంతా ఆ దారికే వచ్చింది.

ఇక్కడ చూడాల్సింది వేరే. లావార్‌కు ముగ్గురు కొడుకులు. తండ్రి అరుపులు ముగ్గురికీ సమానంగా అందాయి, కెమెరాలూ అంతే. పెద్దవాడు లాంజో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీకి ఆడి, 2017 డ్రాఫ్టులో రెండోవాడుగా ఎంపికయ్యాడు. చిన్నవాడు లమెలో స్కూల్లో ఒకే ఆటలో 92 పాయింట్లు కొట్టి, లిథువేనియా, ఆస్ట్రేలియాలు తిరిగి, కాలేజీ గడప తొక్కకుండానే 2020లో మూడోవాడుగా వెళ్లాడు. నడిమివాడు లియాంజెలో యూసీఎల్‌ఏలో చేరాడు, చైనా పర్యటనలో దుకాణంలో దొంగతనం కేసులో ఇరుక్కుని సస్పెండయ్యాడు, తండ్రి కాలేజీ మాన్పించాడు. కాలేజీ తరఫున అసలు ఆట ఒక్కటి కూడా ఆడలేదు. ఎన్‌బీఏ సీజన్ ఆట కూడా అతని ఖాతాలో లేదు. అదే ఇల్లు, అదే ప్రచారం, మూడు రకాల ఫలితాలు. తండ్రి గొంతుకు అంత బలమే ఉంటే నడిమివాడు ముందే వెళ్లిపోయేవాడు.

మెయిన్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ అనే చిన్న ఊరి ఫ్లాగ్ కుటుంబం ఇంకో తీరు. తల్లి కెల్లీ మెయిన్ యూనివర్సిటీ జట్టుకు ఆడినామె. చుట్టుపక్కల పెద్ద క్లబ్బు లేదు, ఉన్నచోటికి పంపితే ఊరి పిల్లలతో ఆడే వీలుండదు. మరో కోచ్‌తో కలిసి మెయిన్ యునైటెడ్ అనే జట్టును నిలబెట్టింది. కొడుకు కూపర్ డ్యూక్‌కు వెళ్లి 2025 డ్రాఫ్టులో మొదటివాడయ్యాడు. అతని కవల సోదరుడు ఏస్ తల్లి చదివిన మెయిన్ యూనివర్సిటీకే వెళ్లాడు. కవలలకు కూడా తల్లి ఒకే ఫలితం తెచ్చివ్వలేదు, తెచ్చివ్వాలని చూసినట్టూ లేదు.

కోచ్‌లు ఆటను ఎంత చూస్తారో గ్యాలరీని అంత చూస్తారు. రెఫరీమీద అరిచే తండ్రి, స్కోరు కాగితంలో కొడుకు పాయింట్లు మాత్రమే రాసుకునే తల్లి, ‘మావాణ్ణి ఎందుకు ఆడించట్లేదు’ అని రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టేవాళ్లు ఎవరో స్కూలు కోచ్‌ను అడిగి తెలుసుకుంటారు. సమాన ప్రతిభ ఉన్న ఇద్దరిలో ఒకణ్ణి వదలాలంటే ఈ సమాచారమే తక్కెడను వంచుతుంది. కనెక్టికట్ మహిళల జట్టు కోచ్ జీనో ఆరియెమా బెంచిమీద పిల్లలు ఎలా కూర్చున్నారో చూసి ఆడించేదీ లేనిదీ తేల్చుకుంటానని చెప్పిన వీడియో లక్షలమంది పంచుకున్నారు. పంచుకున్నవాళ్లలో గ్యాలరీలో అరిచే నాన్నలు తక్కువేమీ ఉండరు.

చీకటి డబ్బు, వెలుగు డబ్బు

2017 సెప్టెంబర్ 26న న్యూయార్క్ ఫెడరల్ అధికారులు పదిమందిని అరెస్టు చేశారు. నలుగురు అసిస్టెంట్ కోచ్‌లు, ఒక అడిడాస్ అధికారి, మధ్యవర్తులు. అందులో ఒక ఆరోపణ ఏమిటంటే, బ్రయన్ బోవెన్ అనే కుర్రాణ్ణి అడిడాస్ బూట్లు వేసే లూయివిల్ యూనివర్సిటీకి పంపేందుకు అతని తండ్రికి లక్ష డాలర్లు ఒప్పుకున్నారని. తండ్రి 2018లో కోర్టులో సాక్ష్యం చెప్పాడు. లూయివిల్ కోచ్ రిక్ పిటీనో ఉద్యోగం పోయింది. కుర్రాడు కాలేజీలో ఒక్క ఆట ఆడకుండా ఆస్ట్రేలియాకు వెళ్లిపోయాడు. ఈ ఆరోపణమీద నడిచిన కేసులో ముగ్గురికి శిక్షపడింది.

ఇప్పుడు 2024 డిసెంబర్‌కు రండి. దేశంలో మొదటి ర్యాంకు కుర్రాడు ఏజే డిబాంట్సా, జాతీయ టీవీ షోలో కూర్చుని యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి వెళ్తున్నానని ప్రకటించాడు. అతని తండ్రి ఏస్ ఈ వ్యవహారమంతా దగ్గరుండి నడిపించాడు. కుర్రాడికి ముట్టే మొత్తం ఎన్నో మిలియన్ డాలర్లని పత్రికలు రాశాయి, కొన్ని ఏడు మిలియన్లదాకా చెప్పాయి. ఎవరూ అరెస్టు కాలేదు, అవ్వాల్సిన అవసరమూ లేదు.

మధ్యలో జరిగింది ఇది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ జులై 1 నుంచి పిల్లలు తమ పేరు, బొమ్మ, పోలిక మీద సంపాదించుకోవచ్చని రూలు మారింది. దీన్నే ఎన్‌ఐఎల్ అంటారు. 2025 జూన్‌లో హౌస్ కేసు ఒప్పందానికి (జట్టు పదిహేనన్న పై ఒప్పందం ఇదే) కోర్టు ఆమోదం దొరికాక, కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బివ్వడం మొదలైంది. అన్ని క్రీడలకూ కలిపి మొదటి ఏడాది పరిమితి కాలేజీకి సుమారు 20.5 మిలియన్ డాలర్లు.

ఫాలోవర్ల లెక్కకు నిజంగా విలువొచ్చింది ఇక్కడే, అదీ మహిళల బాస్కెట్‌బాల్‌లో ముందు. అప్పట్లో ఫ్రెస్నో స్టేట్‌లో ఆడే కవలలు హేలీ, హన్నా కావిండర్ టిక్‌టాక్‌లో లక్షలమందికి తెలుసు. ఎన్‌ఐఎల్ మొదలైన రోజే టైమ్స్ స్క్వేర్ తెరమీద వాళ్ల బొమ్మ వచ్చింది. తర్వాత వాళ్లు మయామీకి మారారు. ఆ మార్పు సందర్భంగా ఒక ధనిక అభిమాని ఇంట్లో భోజనం ఏర్పాటైన తీరుపై ఎన్‌సీఏఏ 2023లో ఆ కాలేజీకి జరిమానా వేసింది. ఎన్‌ఐఎల్‌కు సంబంధించి పడిన మొదటి శిక్ష అదే. ప్రకటనలిచ్చే కంపెనీకి ఫాలోవర్లు కావాలి, జట్టులోకి తీసుకునే కోచ్‌కు రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) కావాలి. ఈ రెండు బజార్లు ఒకటేననుకోవడం వల్లే ఇంత గందరగోళం.

డబ్బు బయటికొచ్చాక హైస్కూలు పిల్లలమీద పడిన దెబ్బ గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదుచేసుకునే జాబితా, మొదలైంది. 2021లో ఒకసారి ఏ శిక్షా లేకుండా కాలేజీ మారొచ్చన్నారు. 2024లో ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. 2025 వసంతంలో డివిజన్ 1 పురుషుల ఆటగాళ్లలో రెండువేలమందికి పైగా పోర్టల్‌లో పేరు నమోదుచేసుకున్నారు. దానికితోడు కోవిడ్ ఏడాది ఆడినవాళ్లందరికీ అదనపు సంవత్సరం ఇచ్చారు. ఇక కోచ్ ఆలోచన ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఉద్యోగం నిలబడాలంటే ఈ ఏడాదే గెలవాలి. ఇరవై రెండేళ్లవాడు, రెండేళ్లు కాలేజీలో ఆడినవాడు, కండపట్టినవాడు ఫోనులో దొరుకుతుంటే పదిహేడేళ్లవాడికోసం ఎందుకు ఆగుతాడు? మొదటి యాభై ర్యాంకులవాళ్లకు ఢోకాలేదు. నూటయాభై నుంచి కిందివాళ్లకు పదో తరగతిలో వచ్చిన ఆఫర్లు పన్నెండో తరగతిలో చడీచప్పుడు లేకుండా ఆవిరవుతున్నాయి. ఆవిరైన సంగతి ఎవరూ పోస్టు చేయరు కాబట్టి, బయటికి సంత ఎప్పటిలాగే కళకళలాడుతూ కనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా కొందరు తల్లిదండ్రులు ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిస్తున్నారు. తోటివాళ్లకంటే ఒక ఏడాది పెద్దవాడుగా ఆడితే మెరుగ్గా కనబడతాడని. నాకు ఇది చదువుమీద చేసే దుర్మార్గంగానే తోస్తుంది, కానీ పోర్టల్ లెక్క చూశాక వాళ్లను పిచ్చివాళ్లని మాత్రం అనలేను.

మన ఇళ్లకు సంబంధించినంతవరకు

డాలస్ పక్క ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో శనివారం పొద్దున జిమ్ముల్లో తెలుగు మాటలు వినబడటం ఇప్పుడు వింత కాదు. ఆఫర్ వచ్చిందని పిల్లవాడు ఎగిరి గంతేసినప్పుడు, పోస్టు పెట్టకముందు కోచ్‌ను తల్లిదండ్రులు అడగాల్సినవి ఉన్నాయి. మావాడు ఇవాళే వస్తానంటే తీసుకుంటారా? ఆ స్థానంలో ఇప్పుడెంతమంది ఉన్నారు, వాళ్లలో ఎవరు వెళ్లిపోతారు? పోర్టల్‌లోంచి కూడా వెతుకుతున్నారా? మీరే వేరే కాలేజీకి మారితే ఈ మాట ఎవరు నిలబెడతారు? సూటిగా జవాబిచ్చే కోచ్ ‘కాదు’ అన్నా నష్టంలేదు, ఆ కబురు రెండేళ్లు ముందే తెలిసినట్టవుతుంది. స్కాలర్‌షిప్‌కు గతంలో ముద్రలాంటి నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ కూడా 2024 అక్టోబర్‌లో రద్దయింది. ఇప్పుడున్నవి స్కాలర్‌షిప్‌కు ఆర్థిక సాయం ఒప్పందం, కాలేజీ నేరుగా ఇచ్చే డబ్బుకు డబ్బు వాటా ఒప్పందం. వాటిలో మధ్యలో మానేస్తే తిరిగి కట్టాల్సిన మొత్తాలు కూడా ఉండొచ్చు.

మనవాళ్లకు ఇంకో మెలిక ఉంది. అమెరికా పిల్లలకు ఎదురుకానిది. ఎఫ్-1 వీసామీద చదివేవాళ్లు స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, కానీ క్యాంపస్ బయట పనిచేసి సంపాదించడానికి కట్టుదిట్టాలున్నాయి. ఎన్‌ఐఎల్ ప్రకటనలో నటించడం పనికిందకే వచ్చే ప్రమాదముంది. కాంగో నుంచి వచ్చి కెంటకీకి ఆడిన ఆస్కర్ షిబ్వే 2022లో జట్టు బహామాస్ పర్యటనకు వెళ్లినప్పుడు అక్కడ కూర్చుని ఎన్‌ఐఎల్ పనులు చక్కబెట్టుకున్నాడు. అమెరికా గడ్డమీద చేస్తే వీసాకు ముప్పు కాబట్టి.

హెచ్-1బీ మీద ఉండి గ్రీన్‌కార్డుకోసం ఏళ్లతరబడి ఎదురుచూసే తెలుగు కుటుంబాల పిల్లల పరిస్థితి ఇంకా ఇరుకు. మూడేళ్ల వయసులో వచ్చి, ఇక్కడే బంతి పట్టడం నేర్చుకుని, యాసలో, ఆటలో పక్కింటి పిల్లవాడికి ఏమాత్రం తేడాలేని కుర్రాడు కాగితాలమీద హెచ్-4, అంటే హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసామీద ఉన్నవాడు. హెచ్-4 పిల్లలకు చదువుకునే హక్కుంది, సంపాదించే హక్కు లేదు. తోటి ఆటగాడు ఊళ్లో కార్ల షోరూముకు ఒక వీడియో చేసి డబ్బు తీసుకుంటే, ఇతను ఉచితంగా చేయడానికి కూడా ఆలోచించుకోవాలి. ఇరవై ఒక్క ఏళ్లు నిండగానే ఆ హెచ్-4 కూడా చెల్లదు, సాధారణంగా అది కాలేజీలో మూడో సీజన్ అయ్యేసరికి వస్తుంది. అప్పుడు ఎఫ్-1కు మారాలి. కాలేజీ డబ్బు వాటా ఒప్పందం బల్లమీద పెట్టినప్పుడు కోచ్ చెప్పే భరోసామీద సంతకం చేయకుండా, ముందు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించాలి. చాలామంది కోచ్‌లు హెచ్-4 అనే మాట మొదటిసారి వినేది ఆ కుర్రాడి నాన్న నోటినుంచే.